గుమాస్తా చేసిన తప్పుకు షావుకారు ఎప్పుడు బాధ్యుడు?

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు వ్యాపారులు, కార్మికులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో స్థానిక న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ముందు వరుసల్లో షావుకార్లు, లారీ ఓనర్లు కూర్చున్నారు. వాళ్ళ దగ్గర పనిచేసే కుర్రాళ్ళు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఈరోజు నేను మాట్లాడేది ఈ ఇద్దరి మధ్య ఉన్న సంగతే. కుర్చీలు చాలా ఖాళీగా ఉన్నాయి. తమ్ముళ్ళూ, మొహమాటపడకుండా ముందుకొచ్చి కూర్చోండి. మీరు కూర్చున్నాకే మొదలుపెడతాను.

మన దగ్గర పనిచేసే మనిషి పని మీద వెళ్ళి ఎవరికో నష్టం చేశాడనుకోండి. లారీతో గుద్దాడు, లేదా వసూలు చేసిన డబ్బు తినేశాడు, లేదా కొట్టుకొచ్చిన బేరగాడి మీద చెయ్యి చేసుకున్నాడు. నష్టపోయినవాళ్ళు ఎవరిని అడగాలి? చేసినవాడినే అడగాలి, అది ఎలాగూ ఉంది. మరి అతన్ని ఆ పనిలో పెట్టిన యజమానిని కూడా అడగవచ్చా? యజమాని ఆ సమయానికి ఇంట్లో నిద్రపోతున్నా, ఊళ్ళోనే లేకపోయినా, అలా చెయ్యొద్దని ముందే చెప్పి ఉన్నా అడగవచ్చా?

చాలా సందర్భాల్లో అడగవచ్చు అంటుంది చట్టం. ఎందుకు అడగనిస్తుందో, ఎక్కడ అడగనివ్వదో ఈ సాయంత్రం చెప్పుకుందాం. నేను ఇన్నేళ్ళుగా కోర్టులో చూస్తున్నది ఏమిటంటే, ప్రమాదం జరిగితే జనం డ్రైవరును పట్టుకుని కొడతారు, పోలీసులు డ్రైవరును తీసుకెళ్తారు, కాగితాలన్నీ డ్రైవరు పేరుమీద నడుస్తాయి. ఆ డ్రైవరుకు ఉన్నది ఒక పెంకుటిల్లు, పెళ్ళికి ఎదిగిన చెల్లెలు. వాడి దగ్గర వసూలయ్యేది ఏమీ ఉండదు. నష్టపోయిన కుటుంబం ఏళ్ళ తరబడి తిరిగి చేతులు దులుపుకుని ఇంటికి పోతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. చట్టం దారి ఇచ్చింది, ఆ దారి ఉందని తెలియక మనవాళ్ళు నష్టపోతున్నారు.

మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు రాష్ట్రపతి కాకముందు కార్మిక సంఘాల మనిషి. రైల్వే కార్మికుల కోసం ఏళ్ళ తరబడి పనిచేశారు. అలాంటి ఊళ్ళో యజమాని బాధ్యత గురించి పనివాళ్ళకు, యజమానులకు ఒకే సభలో చెప్పే అవకాశం రావడం నాకు సంతోషంగా ఉంది.

చట్టం పెట్టుకున్న కారణం సూటిగా ఉంటుంది. పని వల్ల లాభం ఎవరికి వస్తుందో, ఆ పని వల్ల పుట్టే ప్రమాదం కూడా వాళ్ళే మోయాలి. మనిషిని ఎంచుకున్నది యజమాని. తాళంచెవి, రసీదు పుస్తకం, యూనిఫారం చేతికిచ్చినది యజమాని. బయటివాళ్ళు నమ్మింది ఆ కుర్రాడిని చూసి కాదు, వెనకాల ఉన్న దుకాణం పేరు చూసి. అందుకే కోర్టు మొదట అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది. తప్పు జరిగిన ఆ నిమిషంలో అతను ఎవరి పనిలో ఉన్నాడు?

పనిని చెడ్డగా చెయ్యడం వేరు, పనే కానిది చెయ్యడం వేరు. మొదటిదానికి యజమాని బాధ్యుడు. రెండోదానికి కాడు. చెప్పడానికి తేలిగ్గానే ఉంది గాని, కేసులన్నీ ఈ గీత ఎక్కడ పడుతుందన్న దాని మీదే నడుస్తాయి.

లండన్‌లో గుర్రపు బస్సులు నడిచిన రోజుల్లో, 1862లో ఒక కేసు వచ్చింది. బస్సు కంపెనీ తన డ్రైవర్లకు కార్డు రాసి ఇచ్చింది, ఎదుటి కంపెనీ బస్సులతో పోటీలు పడొద్దు, అడ్డం పెట్టొద్దు అని. ఒక డ్రైవరు అదే పని చేశాడు. ఎదుటి బస్సు దెబ్బతింది. మేము రాతపూర్వకంగా వద్దన్నాం కదా అంది కంపెనీ. కోర్టు ఒప్పుకోలేదు. డ్రైవరు ఆ సమయంలో చేస్తున్నది బస్సు నడపడం, అది కంపెనీ పనే, దాన్ని వద్దన్న పద్ధతిలో చేశాడు, అంతే అంది. ముందు వరుసలో ఉన్న ఓనరుగార్లు ఇది గుర్తుంచుకోవాలి. స్పీడుగా పోవద్దు, తాగి నడపొద్దు, ఫోను మాట్లాడొద్దు అని మీరు చెప్పడం చాలా మంచిది, చెప్పాల్సిందే. కానీ చెప్పాను కాబట్టి నాకు సంబంధం లేదు అంటే కోర్టులో నిలబడదు.

అదే లండన్‌లో, 1900లో, డ్రైవరు లేని సమయం చూసి కండక్టరు బస్సు తిప్పబోయి ఒకరిని గుద్దాడు. అక్కడ కంపెనీ మీద కేసు నిలవలేదు. బస్సు నడపడం కండక్టరు పని కాదు.

మన దేశంలో దీనికి దగ్గరగా ఉన్న తీర్పు 1966లో సుప్రీంకోర్టు ఇచ్చింది. అహ్మదాబాదులో ఒకాయన తన కారును టాక్సీగా తిప్పమని ఇంకొకరికి అప్పగించాడు. టాక్సీ తిప్పే ఆయన ఒక క్లీనరును పెట్టుకున్నాడు. ఆ క్లీనరు డ్రైవింగు లైసెన్సు టెస్టు కోసం కారు తీసుకెళ్ళి ఒకరిని గుద్దాడు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు, అది ఓనరు పని కాదు, ఓనరు బాధ్యుడు కాడు అన్నారు. మూడో ఆయన ఒప్పుకోకుండా వేరే తీర్పు రాశారు. ఆయన రాజమండ్రి వైపు నుంచి వెళ్ళిన మన కోకా సుబ్బారావు గారు. ఆ ఏడాదే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. చెల్లుబాటయ్యేది ఇద్దరి మాటే. అయినా ఆ తర్వాత వచ్చిన తీర్పులు చూస్తుంటే కోర్టుల మొగ్గు సుబ్బారావు గారి వైపే ఎక్కువగా ఉందని నాకనిపిస్తుంది.

1977 నాటి తీర్పు చూడండి. నాగపూరు నుంచి పాంఢుర్ణాకు ఒక జిన్నింగ్ కంపెనీ కారు వెళ్ళింది. నడిపింది డ్రైవరు కూడా కాదు, కంపెనీ మేనేజరు. దారిలో తెలిసినాయనను ఎక్కించుకున్నాడు. కారు చెట్టును గుద్దింది, ఎక్కినాయన చనిపోయాడు. ఆయన్ను ఎక్కించుకోమని మేము చెప్పలేదు అంది కంపెనీ. మేనేజరు కంపెనీ పని మీద పోతున్నాడు, కంపెనీ కారులో పోతున్నాడు, పక్కన మనిషిని కూర్చోబెట్టుకోవడం ఆయన హోదాలో ఉన్నవాడు చేసేదే, కాబట్టి కంపెనీ కట్టాలి అంది సుప్రీంకోర్టు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. దిగపహండి, మోహన వైపు సంత రోజున పికప్ వ్యాన్లు చూడండి. సరుకు మీద మనుషులు, మనుషుల మీద మనుషులు. ఓనరు పంపింది ఉల్లిపాయలు తెమ్మని. డ్రైవరు మనిషికి ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుని జనాన్ని ఎక్కించుకుంటాడు. ఘాట్‌లో వ్యాను బోల్తా పడితే ఏమవుతుంది? సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు ఇన్సూరెన్సు కంపెనీ కట్టాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. సరుకు యజమాని తన సరుకుతోపాటు ప్రయాణిస్తే వేరే సంగతి. మిగతావాళ్ళ భారమంతా ఓనరు నెత్తిన పడుతుంది, సొంత జేబులోంచి కట్టాలి. ఒక్క ప్రమాదంతో రెండు బళ్ళూ, ఇల్లూ అమ్ముకున్న ఓనర్లు ఉన్నారు. చనిపోయినవాళ్ళ పిల్లలకు ఆ తర్వాత కూడా పూర్తి డబ్బు చేరలేదు. అందుకే చేతులెత్తి అడుగుతున్నాను, ఓనరుగారూ, మీ బండిలో మనుషులు ఎక్కుతున్నారని మీకు తెలిసినప్పుడు చూసీచూడనట్టు ఊరుకోకండి.

లైసెన్సు లేని డ్రైవరును పెట్టుకుంటే మరో దెబ్బ. రోడ్డు మీద పోయే మూడో మనిషికి దెబ్బ తగిలితే చాలాసార్లు కోర్టు ముందు ఇన్సూరెన్సు కంపెనీని కట్టమంటుంది, తర్వాత ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటుంది. 2004 నుంచి ఈ పద్ధతి స్థిరపడింది. నష్టపోయినవాళ్ళకు ఇది మేలు. ఓనరుకు మాత్రం ఇన్సూరెన్సు ఉండీ లేనట్టే.

మన సరిహద్దు వ్యాపారంలో ఇంకో తలనొప్పి ఉంది. ఇచ్ఛాపురంలోనో, టెక్కలిలోనో సెకండ్‌హ్యాండ్ లారీ కొంటాం. డబ్బు ఇచ్చాం, బండి తెచ్చుకున్నాం, ఏపీ నంబరు అలాగే ఉంచేశాం. ఆర్‌సీ బుక్కులో పాతాయన పేరే ఉంది. బండి ఎవరినైనా గుద్దితే చట్టం కళ్ళకు ఓనరు ఎవరు? రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్ళే. 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో కారు చేతులు మారి మారి మూడో నాలుగో మనిషి దగ్గర ఉంది, అయినా పుస్తకంలో పేరున్న మొదటాయన్నే కట్టమంది. గుద్దించుకున్నవాడు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగలేడు కదా. బండి అమ్మినవాళ్ళు ఇక్కడుంటే రేపే వెళ్ళి పేరు మార్చిన కాగితం తెచ్చుకోండి. ఈ ఒక్క మాట విని ఇంటికి పోయినా నాకు చాలు.

బండి ఒకరిది, డ్రైవరు ఒకరి మనిషి, పని ఇంకొకరిది అయితే? రాజస్థాన్‌లో ఆర్టీసీ ఒక ప్రైవేటు బస్సును అద్దెకు తీసుకుంది. డ్రైవరు బస్సు ఓనరు మనిషి, కండక్టరు ఆర్టీసీ మనిషి. ప్రమాదం జరిగితే డ్రైవరు మావాడు కాడు అంది ఆర్టీసీ. ఆ రూటు ఎవరిది, టికెట్లు ఎవరివి, డ్రైవరుకు ఎక్కడ ఆపాలో ఎక్కడ కదలాలో చెప్పేది ఎవరు అని చూసి, 1997లో ఆర్టీసీని బాధ్యురాలిని చేసింది సుప్రీంకోర్టు. అంటే జీతం ఇచ్చేది ఎవరన్నదొక్కటే కొలత కాదు. ఆ పని మీద అదుపు ఎవరిదని కూడా చూస్తారు. గోపాల్‌పూర్ రోడ్డులో కంట్రాక్టరు కింద, ఆ కంట్రాక్టరు సబ్ కంట్రాక్టరు కింద నడిచే టిప్పర్లకు ఇది వర్తించే మాట.

ప్రమాదం జరిగిన రోజు చెయ్యాల్సింది ఇప్పుడు చెబుతాను. ఇది కాస్త నిదానంగా వినండి.

కేసులో సగం ఆ మొదటి రోజే తేలిపోతుంది. మనం ఏడుస్తూ ఆసుపత్రికి పరిగెడతాం, అది సహజం. కానీ ఇంట్లో ఒక్కరైనా బండి దగ్గర ఉండాలి. నంబరు ప్లేటు ఫోటో తియ్యాలి. క్యాబిన్ తలుపు మీద ఓనరు పేరు, ఊరు, ఫోను నంబరు పెయింటుతో రాసి ఉంటాయి, దాన్నీ ఫోటో తియ్యాలి. బండిలో ఏ సరుకుంది, ఎవరి దుకాణానికి పోతోంది అన్నది బిల్టీ మీద, అంటే సరుకు రవాణా రసీదు మీద ఉంటుంది, వే బిల్లు మీద ఉంటుంది. అది పోలీసుల సీజరు లిస్టులో, అంటే వాళ్ళు స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో చేరేలా చూసుకోవాలి. డ్రైవరు ఆ రోజు ఓనరు పని మీదే ఉన్నాడని రుజువు చేసే కాగితం అదే. నేను నడిపిన ఒక కేసులో ఓనరు, డ్రైవరు నాకు చెప్పకుండా సొంత పని మీద బండి తీసుకెళ్ళాడని వాదించాడు. టోలు గేటు దగ్గర కట్టిన డబ్బు ఓనరు ఫాస్టాగ్ ఖాతాలోంచి పోయింది, బండిలో దిగాల్సిన సిమెంటుకు ఓనరు పేరు మీదే బిల్లుంది. ఆ రెండు కాగితాలు చూశాక వాదన ఆగిపోయింది.

హద్దు గొడవ కూడా మనకే ఎక్కువ. ఇచ్ఛాపురం దాటాక ప్రమాదం జరిగితే ఇక్కడి స్టేషన్లో మాది కాదంటారు. అక్కడికి వెళితే, మీరు ఒడిశా వాళ్ళు, మీ దగ్గరే ఇచ్చుకోండి అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే కొత్త నేర విచారణ చట్టం ప్రకారం, నేరం ఏ హద్దులో జరిగినా స్టేషన్లో సమాచారం తీసుకుని రాసుకోవాల్సిందే. జీరో ఎఫ్ఐఆర్ అంటారు దాన్ని. ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు కాపీ ఉచితంగా ఇవ్వాలి.

నష్టపరిహారం కేసు ఎక్కడ వేయాలన్నది ఇంకా ముఖ్యం. చాలామంది ప్రమాదం సోంపేట దగ్గర జరిగింది కాబట్టి శ్రీకాకుళం జిల్లా కోర్టుకే తిరగాలనుకుంటారు. తిరగక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ మీరు ఉండే చోటి ట్రిబ్యునల్లోనే, అంటే ప్రమాదాల నష్టపరిహారం తేల్చే కోర్టులోనే వేసుకునే హక్కు ఇచ్చింది. బరంపురం మనిషి బరంపురంలోనే వేసుకోవచ్చు. తెలుగులో రాసిన ఎఫ్ఐఆర్‌కు అనువాదం పెట్టాల్సి వస్తుంది, అంతే. డ్రైవరు, ఓనరు, ఇన్సూరెన్సు కంపెనీ, ముగ్గురినీ పార్టీలుగా చేర్చండి. ఆరు నెలల్లోపు కేసు వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ వచ్చింది. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టులో వివాదమైంది. మీరు మాత్రం ఆ వివాదంతో పెట్టుకోకుండా ఆరు నెలల్లోపే వేసేయండి.

ఇక డబ్బు సంగతి.

1978లో ఒక బ్యాంకు కేసు తేలింది. అలహాబాదులో ఒకావిడకు సేవింగ్స్ ఖాతా ఉంది. ఆవిడ భర్త, బ్యాంకులో పనిచేసే పక్కింటాయన చేతికి డబ్బు, చెక్కు ఇచ్చి జమ చెయ్యమన్నాడు. రసీదు తీసుకోలేదు. ఆయన పాస్‌బుక్కులో ఏవో అంకెలు వేసి తెచ్చి ఇచ్చాడు, డబ్బు తినేశాడు. బ్యాంకు కట్టాలా? అక్కర్లేదంది సుప్రీంకోర్టు. అతను డబ్బు తీసుకున్నది బ్యాంకు ఉద్యోగిగా కాదు, పక్కింటివాడిగా, స్నేహితుడిగా. డబ్బు జమ చేసుకునే కౌంటరు పని అతనిది కాదు. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు మనవాళ్ళే గుర్తొస్తారు. మన తెలుగోడే కదా, మన వీధివాడే కదా అని బ్యాంకు మెట్ల దగ్గరే డబ్బు చేతిలో పెట్టేసే అలవాటు మనకు బాగా ఉంది. చేతిలో పెట్టకండి. కౌంటరులో కట్టండి, సీలు వేసిన రసీదు తీసుకోండి.

దీనికి ఎదురుగా ఇంగ్లండులో 1912 నాటి తీర్పు ఉంది. ఒక వితంతువు ప్లీడర్ల ఆఫీసుకు సలహా కోసం వెళ్ళింది. అక్కడి హెడ్ గుమాస్తా ఆవిడతో మాయమాటలు చెప్పి కాగితాల మీద సంతకాలు పెట్టించి ఆస్తి కాజేశాడు. ఆ మోసంలో ప్లీడరుకు పైసా రాలేదు, ఆయనకు తెలియను కూడా తెలియదు. అయినా ప్లీడరే బాధ్యుడన్నారు. ఆ బల్ల దగ్గర ఆ గుమాస్తాను కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళతో మాట్లాడే అధికారం ఇచ్చింది ఆయనే. తేడా చూశారా? బ్యాంకు కేసులో నమ్మకం మనిషి మీద, స్నేహం మీద. ఈ కేసులో నమ్మకం ఆ కుర్చీ మీద.

మన ఊళ్ళో ఇది డైలీ కలెక్షన్ రూపంలో వస్తుంది. కూరగాయల కొట్టు అక్క ఒకావిడ రోజూ వంద రూపాయలు ఒక సొసైటీ కుర్రాడికి కట్టేది. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ పసుపురంగు కార్డు తెచ్చింది. కార్డు పైన సొసైటీ పేరు, ఎంబ్లం, ఖాతా నంబరు. లోపల తేదీ, మొత్తం, సంతకం అని మూడు గళ్ళు. చెమటకు సిరా అలుక్కుపోయిన చోట్ల ఆవిడ మళ్ళీ సంతకం పెట్టించుకుంది. చదువు రాదు గాని ఆ జాగ్రత్త ఉంది. చివరి కొన్ని నెలల డబ్బు కుర్రాడు ఆఫీసులో కట్టలేదు, ఊరొదిలి పోయాడు. అతను మా ఉద్యోగి కాడు, కమీషన్ ఏజెంటు, మాకు సంబంధం లేదంది సొసైటీ. నోటీసులో నేను 1872 కాంట్రాక్టు చట్టం 238వ సెక్షన్ రాశాను. ఏజెంటు మీ పని మీద ఉండి చేసిన మోసం మీరు చేసినట్టే లెక్క అని ఆ సెక్షన్ చెబుతుంది. కార్డు మీది, పేరు మీది, ఆ వీధికి అతన్ని పంపింది మీరు. సొసైటీ చివరికి రాజీకి వచ్చి డబ్బు కట్టింది. ఆవిడ కార్డు పారేసి ఉంటే, లేదా చిన్న నోటుబుక్కులో రాయించుకుని ఊరుకుని ఉంటే నేనేమీ చెయ్యలేకపోయేవాణ్ణి.

అదే కుర్రాడు ఆ అక్క దగ్గర విడిగా, నాకు అవసరం పడింది అక్కా, రెండు నెలల్లో ఇచ్చేస్తాను అని చేబదులు తీసుకుని ఎగ్గొడితే దానికి సొసైటీ బాధ్యత లేదు. అది ఆ ఇద్దరి మధ్య అప్పు.

కొట్టడం, తిట్టడం గురించి క్లుప్తంగా చెబుతాను. బండిలోంచి చక్కెర దొంగిలిస్తున్నాడనుకుని పనివాడొకడు ఒక పిల్లవాణ్ణి కొడితే, వాడు చక్రం కింద పడి కాలు పోగొట్టుకున్నాడు. ఇది ఇంగ్లండులో 1927 నాటి తీర్పు. యజమాని సరుకు కాపాడబోయి కొట్టాడు కాబట్టి యజమాని బాధ్యుడన్నారు. మన షాపుల్లో వాచ్‌మన్లు దొంగతనం అనుమానంతో కుర్రాళ్ళను లోపలికి తీసుకెళ్ళి కొట్టడం జరుగుతోంది, అది ఆపించండి. లోను రికవరీ ఏజెంట్ల సంగతీ అంతే. వాళ్ళు ఏజెన్సీవాళ్ళు, మావాళ్ళు కారు అని బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తప్పించుకోకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్లు చేయకూడదని 2022 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చింది. ఫోన్లు వస్తే రికార్డు చేసి ఉంచండి.

(సభలోంచి ఒకరు: మా చేనేతలో పనివాడు ఇంటి దగ్గరే నేస్తాడు, ముక్కకు ఇంత అని కూలి. అతను నా పనివాడా, కాదా?)

మంచి ప్రశ్న అడిగారు, పట్టు షావుకారు గారూ. దీనికి సరిగ్గా సరిపోయే కేసు అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళింది, టైలరింగు షాపు కేసు, 1973. ముక్కకు ఇంత అని కూలి. పని ఉంటే వస్తారు, లేకపోతే రారు. కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్ళి కుట్టుకొస్తారు. అయినా వాళ్ళు పనివాళ్ళేనంది సుప్రీంకోర్టు. మిషన్లు షాపువి, ఎలా కుట్టాలో చెప్పేది షాపు, బాగోలేకపోతే మళ్ళీ కుట్టమనే హక్కు షాపుది. అది దుకాణాల చట్టం కింద వచ్చిన తీర్పు అనుకోండి, కానీ పనివాడెవడు అని తేల్చే కొలత మన విషయంలోనూ పనికొస్తుంది. మీరు నూలు ఇచ్చి, డిజైను ఇచ్చి, మగ్గం కూడా మీదే అయితే అతను మీ మనిషి కిందే లెక్కకు వస్తాడు. సొంత మగ్గం, సొంత నూలు, నలుగురు షావుకార్లకు అమ్ముకునేవాడైతే అతను స్వతంత్రుడు, అతను చేసిన తప్పు మామూలుగా మీ మీదికి రాదు. ఈ రెండింటి మధ్యలో ఉండేవాళ్ళే మన దగ్గర ఎక్కువ. అక్కడ కోర్టు ఒక్కొక్క వివరం పట్టి చూస్తుంది.

ఆసుపత్రుల్లోనూ ఇదే పంథా. నర్సు పిల్లవాడికి తప్పు ఇంజెక్షన్ చేస్తే ఆసుపత్రే కట్టాలని 1998లో, పిలిపించుకున్న డాక్టరైనా సరే మాకు సంబంధం లేదనడానికి వీల్లేదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుల కమిషన్లో రెండేళ్ళలోపు వేసుకోవాలి. 2019 చట్టం వచ్చాక మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. విశాఖపట్నం వెళ్ళి వైద్యం చేయించుకునే మన కుటుంబాలకు ఇది చాలా పెద్ద వెసులుబాటు.

ఇంతవరకు షావుకార్ల గురించి మాట్లాడాను. అందరికంటే పెద్ద యజమాని ప్రభుత్వం. ఆ యజమాని చాలాకాలం తప్పించుకుంది.

1962లో, రాజస్థాన్‌లో కలెక్టరు జీపు ఒకరిని గుద్దిన కేసులో ప్రభుత్వం కట్టాలన్నారు. 1964లో మాత్రం వెనక్కి పోయారు. మీరట్‌లో పోలీసులు ఒక వ్యాపారి దగ్గర బంగారం స్వాధీనం చేసుకున్నారు, దాన్ని కాపాడాల్సిన హెడ్ కానిస్టేబులే తీసుకుని పాకిస్తాన్ పారిపోయాడు. అది ప్రభుత్వం రాజ్యాధికారంతో చేసిన పని, కాబట్టి కట్టనక్కర్లేదు అన్నారు. నాకు ఆ తీర్పు ఎప్పుడూ మింగుడు పడలేదు. 1994లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక ఎరువుల వ్యాపారి కేసు వచ్చింది. అధికారులు సరుకు సీజు చేసి పాడుచేశారు. రాజుల కాలం నాటి మినహాయింపు ఇప్పుడు చెల్లదని చెప్పి ప్రభుత్వంతో కట్టించింది సుప్రీంకోర్టు. 1996లో ఔరంగాబాద్ ప్రభుత్వాసుపత్రి కేసు తేలింది. అక్కడ 1963లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, ఆవిడ కడుపులో గుడ్డ మరిచిపోయారు. ఆవిడ చనిపోయింది. ప్రభుత్వమే కట్టాలని తేలడానికి ముప్ఫై ఏళ్ళు దాటింది.

మన ఒడిశా తల్లి సంగతి చెప్పకుండా ఈ మాట ముగించలేను. సుందర్‌గఢ్ జిల్లాలో 1987 డిసెంబరు 1న ఇరవై రెండేళ్ళ కొడుకును దొంగతనం విచారణ అని పోలీసులు ఔట్‌పోస్టుకు తీసుకెళ్ళారు. మర్నాడు రైలు పట్టాల మీద శవం దొరికింది. రాత్రి తప్పించుకుపోయి రైలు కింద పడ్డాడన్నారు పోలీసులు. ఆ తల్లి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. వకీలు లేడు, కోర్టు ఫీజు లేదు, ఉత్తరమే. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. పోలీసుల కథ నమ్మలేదు. కస్టడీలో ప్రాణం పోతే ప్రభుత్వమే బాధ్యత వహించాలి, ప్రాథమిక హక్కు విషయంలో రాజ్యాధికారం అన్న అడ్డం చెల్లదు అని 1993లో తీర్పు చెప్పి, లక్షా యాభై వేలు ఇప్పించింది. కొడుకు ప్రాణానికి ఆ సొమ్ము ఏ మూలకు? అయినా దేశమంతా కస్టడీ మరణాల కేసుల్లో ఈరోజుకీ ఆ తీర్పునే చూపిస్తారు. ఒడిశాలో పుట్టిన తీర్పు అది, మన పిల్లలకు చెప్పండి.

ప్రభుత్వం మీద సివిల్ దావా వేయాలంటే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అది మరిచిపోకండి. ఖర్చుకు భయపడి ఆగకండి. ఆడవాళ్ళు, ఎస్సీ ఎస్టీలు, కార్మికులు, వికలాంగులు, వీళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతుంది. జిల్లా న్యాయసేవల ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది. తెలుగులో చెప్పుకున్నా వింటారు. అక్కడ తెలుగు వచ్చినవాళ్ళు లేకపోతే నాకు కబురు చెయ్యండి, నేనొస్తాను.

(ఒక యువకుడు: సార్, ఓనరు కట్టిన డబ్బు మళ్ళీ మా జీతంలో కోసుకోవచ్చా?)

ఈ ప్రశ్న వస్తుందని అనుకున్నాను. కూర్చో తమ్ముడూ, చెబుతాను.

యజమాని బాధ్యుడైనంత మాత్రాన నీ తప్పు మాసిపోదు. నష్టపోయినవాళ్ళు నిన్నూ అడగవచ్చు. నిర్లక్ష్యం నీదే అయితే యజమానికి నీ దగ్గర వసూలు చేసుకునే హక్కు కూడా చట్టంలో ఉంది. కానీ ఇష్టమొచ్చినట్టు జీతం కోసే హక్కు లేదు. వేతనాల స్మృతి అనే చట్టం 2019లో చేసినది, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలోనూ దాదాపు ఇదే మాట ఉండేది. నష్టం నేరుగా నీ నిర్లక్ష్యం వల్ల జరిగి ఉండాలి. కోసే ముందు నీ సంజాయిషీ అడగాలి. జరిగిన నష్టం కంటే ఒక్క రూపాయి ఎక్కువ కోయకూడదు. అన్ని కోతలూ కలిపి ఒక నెల జీతంలో సగం దాటకూడదు. బ్రేకులు పోయాయని నువ్వు ముందే చెప్పినా బాగుచేయించకుండా బండి పంపితే అది నీ నిర్లక్ష్యం ఎలా అవుతుంది? అందుకే బండి సంగతి నోటితో చెప్పి ఊరుకోకు. వాట్సాప్‌లో ఓనరుకు రాయి. బ్రేకులు పట్టడం లేదు, టైరు అరిగిపోయింది అని ఫోటో తీసి పెట్టు. తేదీ, టైము దానంతట అదే పడుతుంది. ఫోను మార్చినా ఆ మెసేజ్‌లు చెరపకు.

ఓనరుగార్లు ఆ మెసేజ్ చూసి కోప్పడకండి. ఆ బండిని ఆ రోజు షెడ్డుకు పంపండి. ఇంకెవరైనా అడగాలనుకుంటే అడగండి, కాగితాలు తెచ్చినవాళ్ళు సభ అయ్యాక ఆ పక్క బల్ల దగ్గరికి రండి, చూస్తాను.